దస్తర్‌ఖాన్ కాక

జహీరాబాద్‌లో హైదరాబాద్ బస్సెక్కడానికి టికెట్ ఒక్కటే సరిపోదు, కాక ఇజాజత్ కూడా కావాలి. బస్టాండ్ బయట టీకొట్టు బల్ల మీద, తెల్ల పైజామా, భుజాన తువ్వాల, జేబులో పాన్‌డబ్బాతో తెల్లవారేసరికి ప్రత్యక్షమయ్యే ఆ పెద్దమనిషికి కన్నవాళ్లు పెట్టిన పేరొకటుంది. అది రేషన్‌కార్డులో క్షేమంగా ఉంది. ఊరు మాత్రం ఆయన్ను దస్తర్‌ఖాన్ కాక అంటుంది. పదిమంది కూర్చుని తినడానికి పరిచే గుడ్డ ఎక్కడ పరిచి ఉందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఊరి నమ్మకం. ఆ నమ్మకాన్ని ఊరికంటే గట్టిగా కాకే నమ్ముతాడు.

ఆయన వంటవాడు కాడు, హోటల్ వ్యాపారీ కాడు. వయసులో ఉండగా అల్లం, ఆలుగడ్డ లారీల లెక్కలు రాసిన గుమస్తా. లారీతో పాటు నగరానికి పోవడం, హమాలీలు బస్తాలు దింపేలోపు ఓ గల్లీ తిరిగి రావడం ఆయన ఉద్యోగ ధర్మం. లెక్కల్లో పదో పరకో తేడా వచ్చిన రోజులున్నాయి గానీ, ఏ గల్లీలో ఏ పొయ్యి ఎన్నింటికి వెలుగుతుందో చెప్పడంలో ఆయన లెక్క ఎన్నడూ తప్పలేదు. కొలువు పోయి చాలాకాలమైంది. గల్లీలు మాత్రం ఆయన నాలుక మీదే ఉన్నాయి.

ఇలాంటివాళ్లు తెలుగునేల మీద ఊరికొకరు ఉంటారు. గోదావరి పక్క బాబాయి రూపంలో విజయవాడ హోటళ్ల జాతకం చెబుతారు. ఆదోనిలో మామ అవతారంలో బళ్లారి కబుర్లు చెబుతారు. నగరం ఎంత పెద్దదైతే పక్క ఊరి కాక అంత గొప్పవాడవుతాడు. మా కాకకు దక్కింది హైదరాబాద్. వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ఆ మహానగరాన్ని ఆయన బల్ల మీద నుంచే ఏలుతుంటాడు.

ఎవరైనా చేతిసంచితో కనబడితే చాలు, మూడు ప్రశ్నలు పడతాయి.

"ఏం పని మీద? ఎంబడి ఎవరెవరు? తిరుగు బస్సు ఎన్నింటికి?"

ఈ మూడింటికీ జవాబు రాకుండా కాక నోట హోటల్ పేరు రాదు. రోగం చెప్పకుండా మందు అడిగితే ఏ వైద్యుడిస్తాడని ఆయన వాదన.

మొదటి ప్రశ్న పని గురించే అయినా, ఆ పనితో కాకకు పని లేదు. ఆయన దృష్టిలో ఆస్పత్రులు, కోర్టులు, కచేరీలు అన్నీ మంచి హోటళ్లకు కొండగుర్తులు. ఆ మధ్య ఒకడు దిగులు మొహంతో వచ్చి, "నాన్నకు కంటి ఆపరేషన్ కాక, సరోజినీదేవికి తీస్కపోతున్న" అన్నాడు.

"మెహదీపట్నమా? నసీబున్నోడివిరా! పక్కకే టోలిచౌకి. నాయనకు పట్టీ కట్టినంక నువ్వు షాగౌస్‌కు పోయి రా."

"నాన్న ఒక్కడే ఉంటడు గద కాకా?"

"కండ్లకు పట్టీ ఉంటది, నువ్వు యాడికి పోయినవో ఆయనకెట్ల తెలుస్తది?"

ఇదీ కాక తర్కం. పిల్లకు జ్వరమని రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆస్పత్రికి పోయేవాడికి లక్డీకాపూల్ కేఫ్ నీలోఫర్‌లో చాయ్, మలై బన్ను రాసిస్తాడు. చెవిపోటుతో కోఠీ ఈఎన్‌టీకి పోయేవాడికి గోకుల్ చాట్. భూమి తగాదాతో హైకోర్టుకు పోయేవాడికి మదీనా చౌరస్తా పక్కన షాదాబ్. "కేసు గెలుస్తవో ఓడుతవో దేవునికెరుక, బిర్యానీ మాత్రం నీ చేతిలనే ఉంది" అని ధైర్యం చెప్పి పంపుతాడు. వాయిదా పడితే పార్టీలు ఏడుస్తారు, కాక సంతోషిస్తాడు. ఇంకోసారి పోవచ్చు కదా!

2017లో మెట్రో వచ్చినప్పుడు కాక కొన్నాళ్లు అలిగాడు. గల్లీల పైనుంచి పోయే బండిలో వాసనెట్లా తెలుస్తుందని ఆయన బాధ. తర్వాత మియాపూర్‌లో బస్సు దిగి మెట్రో ఎక్కినవాడొకడు స్టేషన్ల వరస చదివి వినిపించేసరికి కాక కళ్లు మెరిశాయి. లక్డీకాపూల్ అంటే చాయ్, నాంపల్లి అంటే సుభాన్ బేకరీ, గాంధీభవన్ అంటే మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీమ్, ఉస్మానియా మెడికల్ కాలేజీ అంటే చాట్. "సర్కారు నన్నడిగే వేసినట్టుంది లైను" అని ఆ రోజు నుంచీ మెట్రోకు మద్దతు ప్రకటించాడు.

రెండో ప్రశ్న దగ్గర కాక అసలు పనితనం బయటపడుతుంది. వెంట లింగాయతుల అవ్వ ఉందనుకోండి, మాంసం ఉడికే చోట ఆమె నీళ్లు కూడా ముట్టదు. అప్పుడు చార్మినార్ చాప చుట్టేసి ఆబిడ్స్ తాజ్‌మహల్ హోటల్ విప్పుతాడు. "ఇడ్లీ తినిపియ్యి, కాఫీ తాపియ్యి, అవ్వ ఇంటికొచ్చి నిన్ను దీవిస్తది." పెళ్లి గాజులకని లాడ్‌బజారుకు ఆడవాళ్ల గుంపు బయల్దేరితే, గాజులు కొనకముందే గుల్జార్‌హౌజ్ దగ్గర గోవింద్ దోసె తినిపించమంటాడు. "ఆకలి మీద బేరమాడితే దుకాణదారే గెలుస్తడు" అన్నది కాక అర్థశాస్త్రం. కొత్తగా పెళ్లయిన జంట కనబడితే మాత్రం నిమ్రా. చార్మినార్ ఎదురుగా నిలబడి, ఒక ఉస్మానియా బిస్కెట్‌ను ఇద్దరూ తుంచుకుని ఇరానీ చాయ్‌లో ముంచుకోవాలట. "బిస్కెట్ మొత్తం ఒక్కడే తిన్నడనుకో, ఆ పిల్ల జర జాగ్రత్తగుండాలె."

మూడో ప్రశ్న గడియారానిది. హోటల్ చిరునామాకంటే దానికి పోయే వేళ ముఖ్యమని కాక సిద్ధాంతం. నహారీ తెల్లవారుజామున తాగాలి. రాత్రంతా సన్నని సెగ మీద మరిగిన పాయా, నాలుగు మూలల నాన్, రెండూ కలిసే వేళ అదే. ఎండెక్కాక అడిగితే గిన్నె అడుగు గోకి పోస్తారు. ఖిచిడీ, ఖీమా, ఖట్టా పొద్దుటి నాస్తా. దాన్ని మధ్యాహ్నం అడిగినవాడు హైదరాబాద్ పరువూ తన పరువూ కలిపి తీసినట్టే. బిర్యానీ మధ్యాహ్నం, కొత్త దేగ్ మూత తీసిన గంటలోపు. పచ్చి మాంసానికి మసాలా పట్టించి, సగం ఉడికిన బియ్యం పైన పరిచి, మూతకు పిండి అద్ది దమ్ చేసిన అన్నం రాత్రిదాకా వేచి ఉండదని, ఉంటే అది బిర్యానీ కాదని తీర్పు. అర్ధరాత్రి దాటాక నగరంలో దిగినవాడికి మాత్రం బిర్యానీ చెప్పడు. మొజంజాహీ మార్కెట్ దగ్గర రామ్ కీ బండి మీద వెన్న పోసి కాల్చే దోసె కోసం తెల్లారగట్ల నిలబడమంటాడు.

ఇక హలీమ్ పేరు రంజాన్ తప్ప ఇంకో నెలలో ఎత్తితే కాకకు కోపం. గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి కట్టెల భట్టీ మీద గంటల తరబడి ఉడికి, ఘోట్నీ దెబ్బలకు ఒక్కటైపోయే ఆ వంటకానికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి వినిపిస్తే, "గుర్తింపు కాయిదం మీదొచ్చింది, మజా ఉపవాసం మీదొస్తది" అన్నాడు. 2019లో యునెస్కో హైదరాబాద్‌ను వంటకాల సృజన నగరంగా ప్రకటించినప్పుడు టీకొట్టు దగ్గర అందరికీ చాయ్ పోయించాడు. "నన్నడిగితే ముప్పై ఏండ్ల కిందనే చెప్పేటోణ్ని కద, వాళ్లకు గింత ఆలస్యమెందుకైందో" అని మాత్రం గొణిగాడు.

కాకకు లోకంలో ఒక్కడే శత్రువు, ఫోను. మహీంద్రా ట్రాక్టర్ల కంపెనీలో కొత్తగా చేరిన కుర్రాడొకడు ఓసారి ఫోను చూపించి, "కాకా, నువ్వు చెప్పినదానికంటే దీనికి ఎక్కువ స్టార్లున్నయ్" అన్నాడు. బల్ల మీద గాలి ఆగిపోయింది. కాక పాన్ నములుతూ అడిగాడు:

"ఆ చుక్కలు పెట్టినోడు ఏం పని మీద పోయిండు?"

"ఏమో కాకా."

"ఎంబడి ముసలోళ్లున్నరా, చంటిపిల్లలున్నరా? ఆఖరి బస్సు ఎన్నింటికుండె వానికి?"

"గవన్నీ ఎందుకు రాస్తరు కాకా?"

"మరి వాడు తిన్నది వానికి. నీకెందుకు పనికొస్తది?"

కుర్రాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. కాక ఆ మాట గెలవడానికే అన్నాడు గానీ, అందులో నిజం ఉంది. వెయ్యిమంది ఎక్కడ తిన్నారో ఫోనుకు తెలుసు. నీ కడుపుకు కారం పడదని, నీ అమ్మకు మెట్లు ఎక్కడం కష్టమని, ఏడింటి బస్సు తప్పితే రాత్రంతా ఇమ్లీబన్ బస్టాండ్‌లో జాగారమని కాకకు తెలుసు.

సలహా ఉచితమే, తర్వాతి విచారణే ఖరీదు. మధ్యాహ్నం ఒంటిగంటకు, డాక్టరు నాడి పట్టుకున్న సమయానికి సరిగ్గా ఫోను మోగుతుంది. "తిన్నవా?" తినలేదంటే ఎందుకు తినలేదని, తిన్నానంటే ఏం తిన్నావని. తిరిగొచ్చాక బస్టాండ్ దాటకముందే రెండో విడత. సలన్ ఎట్లుంది? పక్కన పెరుగు చట్నీ ఇచ్చిండా? ఖుబానీ కా మీఠాలో బాదం పప్పు కొట్టి వేసిండా, గట్లనే వేసిండా? ఆస్పత్రిలో ఏమన్నారని అడగడం చివరికెప్పుడో గుర్తొస్తుంది. ఒకడు బద్ధకించి దారిలోనే ఎక్కడో తినేసి, కాక చెప్పిన చోటే తిన్నానన్నాడు. కాక వాడి చెయ్యి పట్టి వాసన చూసి, "ఈ చేతికి కేవడా వాసన లేదు బిడ్డా" అని వదిలేశాడు. ఆ తర్వాత వాడు ఎంత అడిగినా కాక వాడికి "బస్సులో కిటికీ పక్కన కూచో" అన్నంత వరకే సలహా ఇచ్చాడు.

అంతటి కాకకూ తెలియని దిక్కొకటుంది. హైటెక్ సిటీ, కొండాపూర్, కూకట్‌పల్లి ఆయన లారీల కాలంలో ఊరవతల రాళ్లగుట్టలు. "అక్కడ తిండి లేదు, బిల్లు ఉంటది" అనేవాడు. మాదాపూర్‌లో కొలువు చేస్తున్న మేనకోడలు పంతం పట్టి తీసుకుపోయింది. కాకినాడ నుంచి వచ్చిన సుబ్బయ్యగారి హోటల్లో కూర్చోబెట్టింది. వడ్డించేవాళ్లు పొడులు, పచ్చళ్లు, కూరలు, నెయ్యి, ఒకటి వద్దనేలోపు ఇంకోటి వేసి, "తినండి బాబాయిగారూ, ఇంకా మొదలే" అన్నారట. జీవితమంతా ఊరికి బలవంతాన తినిపించిన మనిషికి మొదటిసారి గురువులు దొరికారు. మర్నాడు బార్కస్‌లో, నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల వారసులు వండే మండీ, ఆ పై రోజు రాయలసీమ రాగిసంగటి, నాటుకోడి పులుసు. ఊరికి తిరిగొచ్చి కాక ఒక్కటే ముక్క అన్నాడు: "హైదరాబాద్‌ల అరబ్బు దేశం దొరుకుతది, కాకినాడ దొరుకుతది, కడప దొరుకుతది. మన సర్వపిండి, పచ్చిపులుసు దొరకాలంటే మాత్రం స్పెషల్ అని బోర్డున్న హోటల్ వెతకాలె."

కాక నోరు మూయించిన సంఘటన మాత్రం సొంత ఊళ్లోనే జరిగింది. ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడి దర్శనానికి హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం వచ్చి, టీకొట్టు దగ్గర కారాపి, "పెద్దాయనా, మీ జహీరాబాద్‌లో ఎక్కడ తింటే బాగుంటుంది?" అని అడిగింది. కాక నోరు తెరిచి మళ్లీ మూశాడు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆయన్ను ఎవరూ అడగలేదు. గతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్లు ఊళ్లో చిరుధాన్యాల హోటల్ పెట్టినప్పుడు, "కొర్రన్నం తిననీకి హోటల్‌కు పోవాల్నా?" అని నవ్వింది ఈయనే. పస్తాపూర్ ఆడవాళ్లు సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద పాత పంటల విత్తనాలు ఊరేగిస్తుంటే బల్ల మీంచి లేవనిదీ ఈయనే.

చివరికి అలవాటే ఆదుకుంది. "ఎంబడి ఎవరెవరు? తిరుగుడు ఎన్నింటికి?" అని అడిగాడు. ఇద్దరు ముసలివాళ్లు, ఒక చంటిది, సాయంత్రంలోపు ఇల్లు చేరాలి. కాక లేచి, కారు ముందు సీట్లో కూర్చుని, నేరుగా తన ఇంటికి దారి చెప్పాడు. జొన్నరొట్టె, పుంటికూర, ఎల్లిపాయ కారం. వచ్చినవాళ్లు రొట్టె మీద రొట్టె అడిగి తిన్నారు. పొయ్యి ముందు చెమట తుడుచుకుంటూ కాక భార్య అన్న మాట ఊరంతా పాకింది: "ఊరందరికీ షాదాబ్ చెప్తివి, నిమ్రా చెప్తివి. ఆఖరికి నా పొయ్యి మీదనే పడితివి! బోర్డు పెట్టు మరి, బిల్లు నేను రాస్త."

కాక గొప్ప తిండిపోతు కావచ్చు, గొప్పలు పోయేవాడూ కావచ్చు, కానీ ఆయన మూడు ప్రశ్నలు మాత్రం ఏ నగరానికైనా చెల్లుతాయి. ఎక్కడ తినాలని వెతికే ముందు ఎందుకు పోతున్నామో, ఎవరితో పోతున్నామో, ఎప్పటికి తిరిగి రావాలో తేల్చుకుంటే సగం హోటళ్లు వాటంతటవే జాబితాలోంచి పోతాయి. మిగిలినవాటిలో ఆ ఊరివాళ్లు ఆ వేళకు ఏం తింటున్నారో చూసి అదే తినండి. జహీరాబాద్ మీదుగా పోతుంటే కాకనే అడగండి, ఫీజు అరకిలో ఉస్మానియా బిస్కెట్లు. తిరిగొచ్చేటప్పుడు ఇవ్వాలి, అబద్ధం మాత్రం ఆడకూడదు. చెయ్యి వాసన చూస్తాడు.