బోరు సంగతి మాకు చెప్పకండి సార్!

అటవీ సలహా సంఘం పెద్దలకు,
న్యూఢిల్లీ.

అయ్యా,

నల్లగొండ జిల్లా మర్రిగూడ నుంచి రాసుకునే మనవి.

నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు 2019 మే 22న మీరు సూత్రప్రాయంగా సరేనన్నారు. అది తవ్వకం కాదట, బోర్లేసి చూడటమేనట. బోర్ల విద్యలో మా మండలం ఎప్పుడో పీహెచ్‌డీ చేసింది సార్.

బోరు బండి పోవాలంటే ముందు బాట కావాలి. అడ్డమొచ్చిన చెట్టును కొట్టాలి. కంప్రెసర్ మొదలైందంటే పక్కనోడి మాట వినపడదు. రాతిపొడి లేచి మనుషులంతా తెల్లగైపోతారు. పోనీ, చూసి ఊరుకుంటామా? నీళ్లు పడ్డాక మోటారు దించకుండా, కేసింగుకు మూత బిగించి ఇంటికి పోయిన రైతు మా దగ్గర ఇంకా పుట్టలేదు. యురేనియం పడ్డాక మీరు మాత్రం పోతారా?

మీ నిబంధనలంటే మాకు గౌరవమే. ఆ అడవిలోంచి శ్రీశైలం పోయేటప్పుడు రాత్రి 9 దాటితే మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటు దించేస్తారు. పులికి దారి ఇవ్వాలి కదా అని పిల్లాజెల్లాతో పొద్దున 6 దాకా అక్కడే పడుంటాం, కిమ్మనం. ఆ అడవిలోనే ఉన్న కుడిచింతలబైలు, సార్లపల్లి జనాన్నయితే పునరావాసం పేరిట అడవి దాటి రమ్మంటున్నారు. తేనె తీసుకునే చెంచు అడవికి బరువైతే, బోరు బండి ఎట్లా తేలికైంది?

ఇందులో మా స్వార్థమూ ఉంది. భూమిలోంచి వచ్చిందల్లా తాగి మా నడుములు వంగిపోయాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్న ఫ్లోరైడ్, మా బోర్లలో ఆ హద్దును ఏనాడో దాటింది. పిల్లల పళ్లు గారపట్టాయి, కాళ్లు వంకర పోయాయి. చివరికి గట్టెక్కించింది కృష్ణా నీళ్లే. ఆ కృష్ణమ్మ నల్లమలను ఒరుసుకునే నాగార్జునసాగర్‌కు వస్తుంది. ఫ్లోరైడ్ నుంచి బతికి బయటపడ్డందుకు యురేనియం బహుమానమా?

రిజర్వ్ మొత్తం 2,611 చదరపు కిలోమీటర్లలో 83 ఎంతలే అనుకోకండి. ఆ 83లోకి పోవడానికీ రావడానికీ బాటలన్నీ మిగతా అడవిలోంచే పడాలి. 2019 సెప్టెంబర్ 16న తెలంగాణ శాసనసభ కూడా పార్టీలకతీతంగా యురేనియం వద్దని తీర్మానించింది.

కాబట్టి ఇకముందు ఏ అభయారణ్యం మీదికైనా ‘అన్వేషణ మాత్రమే’ అంటూ ఫైలొస్తే, మొదటి పేజీలోనే కుదరదని రాసి పంపండి. తవ్వే ఉద్దేశం లేనివాడెవడూ బోరు వేయడు.

ఇట్లు,
మర్రిగూడ మండలపు బోర్ల రైతు