అమెరికా ప్రయాణానికి నేతచీరలే సర్దుకోండి

పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వద్దామని అమెరికా బయలుదేరే అమ్మలకి ఊరంతా చెప్పే మాట ఒకటే. నలగని పాలియెస్టర్ చీరలు పెట్టుకోండి, అక్కడ మిషనుంది, డ్రయరుంది అని. ఈ మాట వినకండి. పత్తి పండే గుంటూరు, ప్రకాశం నేల నుంచి వెళ్తూ ప్లాస్టిక్ దారం చుట్టుకోవడమేమిటి? 23 కిలోల పెట్టె ఒకటి నిండా మంగళగిరి చీరలు, చీరాల నేత, మగవాళ్ళకి లుంగీలు, తుండ్లు సర్దండి. పచ్చళ్ళు రెండో పెట్టెలో పడతాయి.

సముద్రం దాటడం మన నూలుకి కొత్త కాదు. చీరాల తేలియా రుమాళ్ళు ఒకప్పుడు అరబ్బు దేశాలకు వెళ్ళేవి. నూలును నూనెలో, బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, ఉతికి ఆరేసి, ఆ తర్వాతే రంగులో ముంచేవారు. పైగా నూలు పోగు తడిస్తే ఇంకా గట్టిపడుతుంది. రేవులో బండకేసి బాదినా బట్ట నిలిచేది అందుకే. పాలియెస్టర్ అయితే నూనె మరకనీ చెమట వాసననీ ఓ పట్టాన వదలదు.

అక్కడి బాత్‌రూముల్లో నేలమీద తూము ఉండదు కనుక స్నానాల తొట్టే మీ చాకిరేవు. చల్లటి నీళ్ళలో నానబెట్టి, చేత్తో కుమ్మి, జాడించండి. మెలిపెట్టి పిండొద్దు. పొడి తువ్వాలు పరిచి, చీర మడతపెట్టి దానిలో చుట్టి, పైన కాళ్ళతో తొక్కితే నీరంతా తువ్వాలు పీల్చేస్తుంది.

డ్రయర్ జోలికి మాత్రం పోవద్దు. ఆ వేడికి నూలు ముడుచుకుపోతుంది. దాని జల్లెడలో పోగయ్యే నూగు మరెక్కడిదో కాదు, మీ బట్ట ఒంటిమీదిదే. దండెం కట్టండి. పెరట్లో బట్టలు కనపడకూడదని కొన్ని కాలనీ సంఘాలు అభ్యంతరపెడతాయి. ఫ్లోరిడా, కొలరాడో, వెర్మాంట్ లాంటి రాష్ట్రాల్లో అలా అడ్డుకోకుండా చట్టమే ఉంది, ఈ సంగతి అల్లుడుగారికి చెప్పండి. చలికాలంలో హాల్లోనే ఆరేయండి. హీటరు గాలికి పెదవులు పగిలే ఇంట్లో తడిచీర నాలుగు మూలలా కాస్త చెమ్మ నింపుతుంది. ఇంటికి చుట్టాలొస్తున్నారని కోడలు తీసేయమన్నా తీయకండి. ఉతికిన బట్టలో సిగ్గుపడాల్సిందేముంది?

మన వాళ్ళకి అసలు గండం ఆవకాయ. ఊట కారి చీరమీద పడితే ముందు పొడి బియ్యప్పిండి చల్లి నూనె పీల్చనివ్వండి. తర్వాత గిన్నెలు తోమే సబ్బు రుద్ది ఉతకండి. అప్పటికీ ఎరుపు మిగిలితే కంగారొద్దు, మిరప రంగు ఎండకి వెలిసిపోతుంది. కల్లాల్లో ఎక్కువ రోజులు ఉండిపోయిన కాయ తెల్లబారడం చూసినవాళ్ళమే కదా. అదే డ్రయర్‌లో వేస్తే వేడికి మరక పాతుకుపోతుంది. నూనె బాగా పట్టిన గుడ్డైతే దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

ఇక గంజి. ఎలక్ట్రిక్ కుక్కర్ అన్నంలో గంజి రాదు. వారానికొకసారి గిన్నెలో ఎసరు ఎక్కువ పెట్టి అన్నం వార్చండి. వార్చిన గంజి వడకట్టి, నీళ్ళు కలిపి పలచన చేసి చీర ముంచి తీయండి. పూర్తిగా ఆరకముందే, కాస్త చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేయాలి. ఇస్త్రీపెట్టె మాత్రం ఇక్కడినుంచి మోయకండి. మన 230 వోల్టుల పెట్టె అక్కడి 120 వోల్టులకి నాలుగో వంతుకి కాస్త మించి మాత్రమే వేడి ఇస్తుంది. అక్కడే కొనిపించుకోండి.

ప్రయాణం ఖాయమైతే ఈ వారమే మంగళగిరి వెళ్ళి చీరలు ఎంచుకోండి. కొత్తవాటిని ఇక్కడే ఒక్కొక్కటిగా విడిగా జాడించి, రంగు దిగుతుందేమో చూసుకుని మరీ పెట్టెలో పెట్టండి.