గృహ విక్రయ వ్రతకల్పం

ఈ వ్రతం కొత్తగా తల్లిదండ్రులైనవారికి మాత్రమే. పిల్లలు కాలేజీకి వెళ్ళాక చేసినా ఇల్లు అమ్ముడుపోతుంది గానీ పుణ్యం దక్కదు. తమిళనాట పేర్ణాంబట్టు నుంచి గుడియాత్తం మీదుగా వేలూరు దాకా మన తెలుగిళ్ళలో తరతరాలుగా జరుగుతున్నదే అయినా, ఈమధ్య చదువుకున్న కుర్రాళ్ళు కొందరు ఒక పని ముగిశాక మరో పని మొదలుపెడదామని చూస్తున్నట్టు తెలిసింది. అది శాస్త్రవిరుద్ధం. చంటిబిడ్డ, మేస్త్రీ, బేరగాడు ముగ్గురూ ఒకే కప్పు కింద ఒకే పూట ఉంటేనే అది వ్రతం. విధానం చిత్తగించండి.

వ్రతకాలం

ఇల్లు అమ్మేసి వేలూరులోనో బెంగుళూరులోనో స్థిరపడదామన్న ఆలోచన మీకు పెళ్ళైన కొత్తలోనే వచ్చి ఉంటుంది. అప్పుడు చేయకండి. మిద్దె కారుతున్నా, వంటింటి గట్టు బీటలిచ్చినా, స్నానాలగది తలుపు ఊడి చేతికొస్తున్నా చూస్తూ కూర్చోండి. ఇంటావిడ నెల తప్పగానే ముహూర్తం దానంతటదే కుదురుతుంది. ఎందుకంటే ఆ రోజే పెద్దవాళ్ళు "కడుపుతో ఉన్న మనిషుండే ఇంట్లో మేకు కూడా కొట్టగూడదు" అని తీర్పు చెబుతారు. ఇక అక్కణ్ణుంచి పనులన్నీ "కాన్పయినాక" అనే ఖాతాలో జమ పడుతుంటాయి.

కాన్పయ్యాక పంచాంగం తీయండి. ఒకటి చాలదు, రెండు కావాలి. మనది చాంద్రమానం, పక్కింటివారిది సౌరమానం. ఆషాఢం వెళ్ళి శ్రావణం వచ్చిందని మీరు ఊపిరి పీల్చుకునేసరికి, కొనడానికొచ్చిన తమిళాయన "ఆడి పోనీయండి" అంటాడు. వాళ్ళ ఆడి జూలై నడుమ మొదలై ఆగస్టు నడుమ దాకా సాగుతుంది. అది పోయాక మన మహాలయపక్షం. తర్వాత అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, గోడ ఆరదు. గోడ ఆరేసరికి ధనుర్మాసం, వాళ్ళకు మార్గళి. మంచిపని ఎవరూ తలపెట్టరు. పోనీ ఎండల్లో చేద్దామంటే మే నడుమ, వాళ్ళ వైగాసి నెల మొదటిరోజున గుడియాత్తం గంగమ్మ శిరస్సు ఉత్సవం. దానికి ముందూ వెనకా కూలీలు దొరకరు. ఇవన్నీ కొట్టేయగా మిగిలిన నాలుగు వారాలూ మీ బిడ్డ రాత్రంతా గుక్కపట్టి ఏడ్చే రోజుల్లోనే పడతాయి. అదే సుముహూర్తం.

పూజాద్రవ్యాలు

వాల్ పుట్టీ మూటలు, ప్రైమరు, ఉప్పుకాగితం, టిన్నరు. వసకొమ్ము, గ్రైప్ వాటరు, సాంబ్రాణి. దండెం మీద ఎప్పటికీ ఆరని పొత్తిగుడ్డలు. ఇంటికొక దిష్టిబొమ్మ, బిడ్డ బుగ్గన ఒక చుక్క. ఒకరికొకరు తెలియని బ్రోకర్లు ఇద్దరు.

సాంబ్రాణి పొగ, గోడ గీకిన దుమ్ము, టిన్నరు వాసన ఒకే గదిలో కలిస్తేనే ధూపం సంపూర్ణం. డాక్టరు వద్దంటాడు. ఆ డాక్టర్నీ వాళ్ళమ్మ ఈ పొగలోనే పెంచిందని మీ అత్తగారు చెబుతారు. ఇద్దరిలో ఇంట్లో ఉండేది అత్తగారు కాబట్టి ఆవిడ మాటే ప్రమాణం.

మేస్త్రీ ఆవాహనం

కొత్తగా పుట్టిన బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతుందని పుస్తకాల్లో రాసి ఉంటుంది. నిజమే. మేస్త్రీ నిజంగా పనిచేసేది మూడు గంటలు. ఆ మూడు గంటలూ ఈ నిద్రలోనే పడటం ఆవాహన మహిమ. బిడ్డ మేలుకొని ఊరంతా వినబడేలా ఏడుస్తున్నప్పుడు, అంటే ఎంత చప్పుడు చేసినా ఫరవాలేని సమయంలో, ఆయన టీకి వెళ్ళి ఉంటాడు.

వచ్చాక కూడా వెంటనే పని ముట్టుకోడు. నడుం మీద చేతులు పెట్టుకుని కప్పుకేసి చూస్తాడు. వేలి కణుపుతో గోడను రెండుచోట్ల తట్టి, చెవి ఒగ్గి వింటాడు. "ఎవురు సార్ కట్టింది దీన్ని? పనితనమే లేదే" అని పెదవి విరుస్తాడు. కట్టింది ఆయనేనని గుర్తుచేయకండి. చేస్తే "ఆపొద్దు మీ నాయన సిమెంటు తక్కువ తెప్పిచ్చినాడు సార్" అంటాడు. మీ నాయన లోపలి గదిలో వింటూనే ఉంటారు. ఆ పూటకు పని ఆగి, పంచాయితీ మొదలవుతుంది.

ఇక హాలు కప్పు. హాలు నడుమ దూలానికి ఒక కొక్కెం, దానికి మీ అమ్మ పాత నూలుచీరతో కట్టిన ఉయ్యాల. పూత పెచ్చులు రాలుతున్నదీ సరిగ్గా అక్కడే. ఉయ్యాల పడకగదిలోకి మారుద్దామంటే అక్కడ కొక్కెం లేదు. కొక్కెం దించాలంటే డ్రిల్లు పెట్టాలి. డ్రిల్లు పెడితే బిడ్డ లేస్తుంది. బిడ్డ లేస్తే ఉయ్యాల కావాలి. దీన్ని రోజుకు మూడుసార్లు పారాయణ చేయండి.

అలంకారం

పాత రంగు గీకనిదే కొత్తది పట్టదని పెయింటరు అంటాడు. కిటికీ ఊచలతో మొదలుపెట్టించి, బిడ్డను పక్కనే పడుకోబెట్టండి. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదని మన దేశంలో 2016లో నిబంధన చేశారు, 2017 నవంబరు 1 నుంచి అమలు. మీ ఊచల మీది ఆకుపచ్చ రంగు మీ నాయన పెళ్ళినాటిది. నిబంధనలు దానికి పట్టవు. సీసం దుమ్ము ఎంత కొద్దిగా ఒంట్లోకి పోయినా పసిమెదడుకు చేటేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తుకుంటోంది. పాకే బిడ్డ కిటికీ ఊచ పట్టుకుని లేచి నిలబడితే ముందుగా చేసే పని దాన్ని నాకడం. కానీ కొనేవాడి కంటికి ఊచలు మెరవాలి కదా.

గోడ చీలికలకు మాత్రం పుట్టీ దండగ, కథ చాలు. 2021 నవంబరు 29 తెల్లవారుజామున వేలూరుకు పడమటగా 3.6 తీవ్రతతో భూమి కదిలింది. ఆ రోజుల్లో పేర్ణాంబట్టు చుట్టుపక్కల పల్లెల్లో జనం భయపడి వీధుల్లోకి వచ్చారు. అప్పటినుంచి ఈ తాలూకాలో 1990లో పడిన చీలికకు కూడా 2021లోనే పుట్టినరోజు.

దర్శనం

కొనేవాళ్ళు చెప్పి రారు. చెప్పినా, చెప్పిన వేళకు రారు. బిడ్డను జోకొట్టి, ఉయ్యాలలో వేసి, ఊపడం ఆపి, వేళ్ళమీద నాలుగడుగులు వెనక్కి వేశాక, అప్పుడు బ్రోకరు గేటు గొళ్ళెం టపటపలాడిస్తాడు. మా ఊళ్ళో తమిళం, ఉర్దూ, తెలుగు మూడూ నడుస్తాయి కాబట్టి మెల్ల, ఆహిస్తా, చిన్నగా అనే మూడు మంత్రాలూ కంఠస్థం చేసుకోండి. ఏ భాషవాళ్ళూ వినిపించుకోరు.

ఏడుగురు వస్తారు. కొనేవాడు, ఆయన భార్య, తల్లి, బావమరిది, వాస్తు తెలిసిన మామ, ఊరికే వచ్చినవాళ్ళిద్దరు. ముసలమ్మ నేరుగా ఉయ్యాల దగ్గరికి పోయి చీర ఎత్తి చూస్తుంది. "ఆడబిడ్డా? బొట్టు పెట్టలేదేమ్మా" అంటుంది. బిడ్డ లేస్తుంది. ఆవిడే ఊపుతుంది, బిడ్డ ఆవిడకే నిద్రపోతుంది; మీరు ఎంత ఊపినా రాని నిద్ర. ఆవిడ తల పైకెత్తి, "ఆ కొక్కెం ఇంటితోనే వస్తుందా?" అని అడుగుతుంది. బేరంలో మీకు దొరికే ఏకైక శుభశకునం అదే.

ఈలోపు మామ స్నానాలగది ముందు ఆగి, "ఇది ఇక్కడ ఉండకూడదే" అంటాడు. కొత్త టైల్స్ వేయించింది అందులోనే, సిమెంటు వాసన ఇంకా పోలేదు. "కొట్టేస్తే సరి" అని బావమరిది తేల్చేస్తాడు. కొనేవాడు అసలు లోపలికే రాడు. బయట అడుగులు వేసి జాగా కొలుస్తుంటాడు, వీధి వెడల్పు చూస్తుంటాడు. "గ్రౌండుకి ఎంత కొరత?" అని అడుగుతాడు, ఇక్కడ గ్రౌండంటే 2400 చదరపు అడుగులు. చివర్లో గోడకానుకుని, వీపంతా మీ తడిరంగు అంటించుకుని, అసలు మాట చెబుతాడు: "ఇల్లు ఎట్లాగూ పడగొట్టేదే సార్. జాగా రేటు చెప్పండి."

పత్రపూజ

ఇది చివరగా చేయాలి. రంగులకూ టైల్స్‌కూ చేతిలో డబ్బంతా అయిపోయి, టోకెన్ అడ్వాన్సు పుచ్చుకున్నాకే బీరువా తెరవండి. మూలపత్రం కామరాజు గుడియాత్తంలో నిలబడి గెలిచిన 1954 నాటిదైతే మహావైభవం. అందులో మీ ఇల్లు ఉత్తర ఆర్కాటు జిల్లా, గుడియాత్తం తాలూకాలో ఉంటుంది. 1989లో ఆ జిల్లా రెండు ముక్కలైంది. మన ముక్క పేరు మారి వేలూరు జిల్లా అయింది. 2019లో వేలూరు మూడైంది. ఈ నడుమ ఎప్పుడో పేర్ణాంబట్టు వేరే తాలూకా అయింది. ఇల్లు మాత్రం అంగుళం కదలలేదు. కానీ పత్రంలోని సర్వే నెంబరూ పట్టాలోని సర్వే నెంబరూ ఒకే జాగావేనని చూపించాల్సింది మీరే. విల్లంగ సర్టిఫికెట్, అదే ఈసీ, ఆన్‌లైనులో 1975 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే దరఖాస్తు పెట్టి, బిడ్డకు పళ్ళొచ్చేదాకా ఆగండి.

ఇల్లు తాతగారి స్వార్జితమై, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే మరీ మంచిది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం కూతుళ్ళకూ కొడుకులతో సమానంగా వాటా ఉంటుంది. కాబట్టి మేనత్తల సంతకాలు కావాలి. ఒకావిడ తిరుపతిలో, ఒకావిడ మస్కట్‌లో. మస్కట్ అత్త రాగలదు. తిరుపతి అత్త రాలేదు, బారసాలకు సరిగ్గా పిలవలేదని అలిగి ఉంది.

ఇంతటితో తృప్తి లేనివారు ముద్దొచ్చినప్పుడు ఇంటిని బిడ్డ పేర సెటిల్‌మెంట్ రాసేయండి. మైనరు ఆస్తిని కోర్టు అనుమతి లేకుండా తల్లిదండ్రులు కూడా అమ్మకూడదని 1956లోనే చట్టం ఉంది. ఇక వ్రతం బిడ్డకు 18 ఏళ్ళు నిండేదాకా సాగుతుంది.

ఉద్యాపన

రిజిస్ట్రేషన్ బుధవారమే పెట్టుకోండి. బంగారం దొరికినా బుధవారం దొరకదని తమిళులు అంటారు. మా వైపు పిల్లలకు టీకాలు వేసేదీ బుధవారమే. పొద్దున టీకా వేయించి, బిడ్డకు జ్వరం అందుకునే వేళకు సరిగ్గా మీ టోకెన్ నెంబరు వచ్చేట్టు చూసుకోండి. పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా రాహుకాలం, ఎవరూ సంతకం పెట్టరు. అప్పుడు బిడ్డ హాయిగా నిద్రపోతుంది. రాహుకాలం పోయాక అందరూ లేస్తారు, బిడ్డతో సహా. వేలిముద్ర వేయాల్సిన బొటనవేలు బిడ్డ నోట్లో ఉంటుంది, మెల్లగా తీసుకోండి. స్టాంపు సుంకం 7 శాతం, రిజిస్ట్రేషన్ రుసుం 2 శాతం కొనేవాడు కట్టుకుంటాడు. రంగుల ఖర్చు ఎవరూ కట్టరు.

ఫలశ్రుతి

ఈ వ్రతం యథావిధిగా చేసినవారికి కలిగే ఫలం పైన చెప్పినదే. భక్తి తక్కువైన సోమరులు మరోరకంగా చేస్తారు. బిడ్డ కడుపులో ఉండగానే కూర్చున్నచోట మూలపత్రం, పట్టా, ఈసీ సరిచూసుకుంటారు. దానికి మేకు కొట్టే పని లేదు కాబట్టి ఏ అత్తగారూ అడ్డం చెప్పరు. మేనత్తలను బారసాలకు ఇంటికెళ్ళి పిలుస్తారు. మిద్దె కారడం ఒక్కటి ఆపించి, మిగతా ఇంటిని చీలికలతో సహా ఉన్నదున్నట్టు చూపించి జాగా ధర చెబుతారు. పాత రంగు గీకించక తప్పకపోతే తల్లినీ బిడ్డనూ ముందు పుట్టింటికి పంపి, దుమ్మంతా తడిగుడ్డతో తుడిచాకే పిలుస్తారు. 6, 10, 14 వారాల టీకాలు ఏ బేరగాడి కోసమూ వాయిదా వేయరు. వాళ్ళ ఇల్లూ మీ ఇంటి ధరకే పోతుంది. పడగొట్టబోయే ఇంటికి రంగు వేయించకండి. ఆ డబ్బు ఉంచుకోండి, కొత్త ఇంట్లో కొక్కెం బిగించడానికి కూడా మేస్త్రీ కావాలి.