కానన్ చీటీకి టీకా తాత్పర్యం

మూలం: "కానన్ మేల్ 4, ఫిమేల్ 4. పి-38 రెండు. ఆర్సీఏ ఆరు. అన్నీ ఒరిజినలే. దొరక్కపోతే డబ్బులు వెనక్కి తే."

అవతారిక: సున్నిపెంటలో భజనకో, చవితి పందిరికో మైకు తీగలు ఇంట్లోనే అతుక్కునేవాడు, హైదరాబాదు బస్సెక్కేవాడి జేబులో దోపే చీటీ ఇది. శ్రీశైలం డ్యాం కట్టడానికి వచ్చినవాళ్ల కాలనీగా పెరిగిన ఊరు సున్నిపెంట. కుడిగట్టు విద్యుత్కేంద్రంలో ఒక్కొక్కటి 110 మెగావాట్ల యంత్రాలు ఏడు తిరుగుతాయి. అంత కరెంటు పుట్టేచోట పాట మొదలవకముందే స్పీకరు "గుంయ్" అంటే సిగ్గుచేటు కదా! మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. తీగ కొసన షీల్డు (లోపలి తీగల చుట్టూ ఉండే లోహపు అల్లిక) వదులైతే చాలు, ఆ ఊగుడు పాటలో చొరబడుతుంది. ఈ చీటీ పుట్టడానికి కారణం ఆ రొదే.

ప్రతిపదార్థం: కానన్ = కెమెరాలు చేసే కంపెనీ అని కొందరు చెబుతారు; అది అపార్థం. లాస్ ఏంజెలెస్‌లో జేమ్స్ కానన్ పెట్టిన కంపెనీ పేరిది. దాని ఎక్స్ వరుస కనెక్టరుకు గొళ్లెం చేరి ఎల్, ఆడ కొసన కాంటాక్టుల చుట్టూ రబ్బరు చేరి ఆర్ వచ్చాయి. కేటలాగులో ఎక్సెల్లార్ అయినా బజారులో కానన్ గానే ఉండిపోయింది.

మేల్, ఫిమేల్ = లింగభేదం. ఆడ కొస మైకుకు, మగ కొస మిక్సరుకు. చెరి నాలుగన్నాడు కనుక తీగలు నాలుగని గ్రహించాలి. లోపలి మూడు పిన్నుల్లో ఒకటోది షీల్డుది. రెండు, మూడు పిన్నుల్లో పాట ఒకదానికొకటి ఎదురుగా నడుస్తుంది. దారిలో దూరిన రొద మాత్రం రెండింట్లోనూ ఒకేలా ఉంటుంది. మిక్సరు ఒకదాంట్లోంచి రెండోదాన్ని తీసేసినప్పుడు రొద పోయి పాట మిగులుతుంది.

పి-38 = 6.35 మిల్లీమీటర్ల లావు జాక్. పందొమ్మిదో శతాబ్దపు టెలిఫోన్ ఎక్స్ఛేంజీ బల్లల మీద పుట్టి, గిటారు దాకా వచ్చింది.

ఆర్సీఏ ఆరు = రేడియో కార్పొరేషన్ ఆఫ్ అమెరికా 1930లలో గ్రామఫోనును రేడియోకు కలపడానికి చేసిన పిన్ను. స్టీరియో తీగకు నాలుగు చాలు కదా, ఆరెందుకు? తక్కిన రెండూ అతికేటప్పుడు పాడుచేసుకోవడానికని సంప్రదాయజ్ఞుల మాట. ఈ పిన్నులో పాట ముందు తగిలి, షీల్డు తర్వాత తగులుతుంది; ఆంప్లిఫయర్ ఆన్‌లో ఉండగా గుచ్చితే బుర్రుమనేది అందుకే.

ఒరిజినలే = ఏకారం అవధారణార్థకం. ఇక్కడ నిఘంటువు పనిచేయదు.

టీక: హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో ఏ కొట్టువాడిని అడిగినా తన సరుకు ఒరిజినలే అంటాడు. 1975లో లీఖ్టెన్‌స్టైన్‌లో మొదలైన కనెక్టర్ల కంపెనీ న్యూట్రిక్‌కు పేరుతో సహా నకళ్లున్నాయి. చైనాలో తయారైందని తోసిపుచ్చడమూ తప్పే. అదే సంస్థకు చెందిన రియాన్ చైనాలోనే తయారవుతుంది, చవక కూడా. కాబట్టి అచ్చువేసిన పేరును నమ్మకుండా పరీక్షలు చెయ్యాలి. మొదటిది అయస్కాంతం: లోపల ఇత్తడైతే పట్టదు, పైన నికెల్ పూత ఉంటే కొద్దిగా లాగుతుంది, ఇనుమైతే గట్టిగా కరుచుకుంటుంది. రెండోది గొళ్లెం: టక్కుమని పడాలి, లాగితే ఊడకూడదు. మూడోది తీగను బిగించే పట్టు: అది లేకపోతే లాగిన బరువంతా టంకం మీద పడుతుంది.

అసలు పరీక్ష ఇంట్లో జరుగుతుంది. 63-37 పాళ్ల తగరం సీసం టంకం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. టంకం పెట్టే ములుకు అంతకంటే చాలా వేడి. నాసిరకం ప్లాస్టిక్ ఆ వేడికి మెత్తబడి పిన్ను పక్కకు ఒరుగుతుంది. అప్పటికి కొట్టు 200 కిలోమీటర్ల అవతల ఉంటుంది.

తాత్పర్యం: ఓ బస్సెక్కేవాడా! కానన్లు ఎనిమిది, పి-38లు రెండు, ఆర్సీఏలు ఆరు పట్టుకురా. జేబులో అయస్కాంతం పెట్టుకుపో. అనుమానమొస్తే కొనకు, డబ్బులు వెనక్కి తే అని భావము.

విశేషం: "వెనక్కి తే" అన్నది ఆజ్ఞార్థకమే గాని దానికి కాలనియమం కూడా ఉంది. దారిలో నల్లమల పులుల అడవి. మన్ననూరు చెక్‌పోస్టులో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వదలరు. కోఠిలో బేరం సాగదీసినవాడు పదహారు కనెక్టర్లు ఒళ్లో పెట్టుకుని గేటు ముందు తెల్లవారేదాకా కూర్చోవాల్సిందే.