రూట్ కెనాల్ ఎగ్గొట్టే దివ్యమైన చిట్కాలు

ఉస్మానియా హాస్టళ్లలో ఉన్నవారికి, తార్నాక సందుల్లో గది తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నవారికి ఈ చిట్కాలు. దవడ పన్ను సలుపుతోంది కదా? అభినందనలు. ఇలా చేయండి.

1. తప్పు చాయ్ మీదికి నెట్టండి. చల్లనీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టాక కూడా పన్ను లాగుతూనే ఉంటే, పుచ్చు లోపలి గుజ్జు దాకా పోయిందేమోనని డాక్టర్లు అనుమానిస్తారు. మీరు అనుమానించకండి. నమలడం రెండో వైపుకు మార్చండి. ఉస్మానియా బిస్కెట్టును ఇరానీ చాయ్‌లో ఇంకాస్త నాననిస్తే నమిలే పనే ఉండదు. పుచ్చులో ఇరుక్కున్న ముద్దను నాలుకతో తవ్వుకుంటూ లైబ్రరీలో కూర్చోండి. చదివినట్టే కనబడతారు.

2. తొందరపడకండి. మన ఆర్ట్స్ కాలేజీకి 1934లో పునాదిరాయి వేస్తే 1939లో గానీ తలుపులు తెరుచుకోలేదు. మీ పన్నుకేం మించిపోయింది? మీ పీహెచ్‌డీ ఊసు ఇక్కడ ఎత్తను.

3. నొప్పిని వాడుకోండి. అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా ఇదే. గైడు ఎదురైతే ఎడమ చెయ్యి చెంప మీద వేసి, పెదవులు సగమే కదిలిస్తూ "సార్, సెమినార్ వచ్చేవారం ఇస్తా" అనండి. గదికి నీళ్ల క్యాను మోసే వంతు వచ్చినప్పుడు మూలగండి. అసైన్‌మెంట్ రూమ్మేట్ చేత రాయించుకోండి. అయితే పొద్దున ఏ చెంప పట్టుకున్నారో సాయంత్రమూ ఆ చెంపే పట్టుకోవాలి. మెస్‌లో చికెన్ పెట్టిన రోజు చాలామంది దొరికిపోయేది ఇక్కడే. అమ్మకు ఫోన్ చేసి "రూట్ కెనాల్ అంటున్నారే" అని డబ్బులు తెప్పించుకోండి. వాటితో చేయదగ్గ పనులు చాలా ఉన్నాయి, రూట్ కెనాల్ తప్ప.

4. మీ వైద్యం మీరే చేసుకోండి. మందుల షాపులో "పంటినొప్పికి ఇవ్వన్నా" అంటే చాలు. యాంటీబయాటిక్ రెండు పూటలు మింగి, మిగతా స్ట్రిప్పు రూమ్మేట్ జలుబుకు దాచండి. చచ్చిన గుజ్జుకు రక్తం అందదు కాబట్టి మందు కూడా అక్కడికి చేరదని చదువుకున్నవాళ్లు అంటారు. అననివ్వండి. ఆస్పిరిన్ నూరి చిగురుకు అద్దండి. చిగురు తెల్లగా కాలి, ఆ మంటలో పన్ను సంగతి మరిచిపోతారు.

5. ఒక రోజు నొప్పి ఠక్కున ఆగిపోతుంది. లోపలి నరం చచ్చిపోయింది. దోస్తులకు పార్టీ ఇవ్వండి. వేరు చివర ఎముకలో చీము తన పని తాను చేసుకుంటుంది. మీరు కల్పించుకోనక్కర్లేదు.

6. ఎవరైనా బలవంతాన క్లినిక్‌కు లాక్కెళితే జాగ్రత్త, అక్కడ భయపడేందుకు పెద్దగా ఏమీ దొరకదు. ఎక్స్-రే తీస్తారు. మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, అది చురుక్కుమంటుంది, కాసేపటికి పెదవి మొద్దుబారుతుంది. పన్ను చుట్టూ రబ్బరు పొర బిగించి, పైన చిల్లు పెట్టి, కుళ్లిన గుజ్జు తీసేస్తారు. సన్నటి ఫైళ్లతో కాలువలు గీకి, మందు నీళ్లతో కడిగి, గట్టాపెర్చా అనే చెట్టుపాల పదార్థంతో నింపుతారు. ముందు పన్నుకు మామూలుగా ఒకటే కాలువ, వెనక దవడ పన్నుకు మూడో నాలుగో. అందుకే వెనక పన్నుకు టైమెక్కువ. ఒక్కోసారి రెండు మూడు సార్లు రమ్మంటారు. మొదటిసారికే నొప్పి తగ్గితే ఇంకెందుకు వెళ్లడం? క్లినిక్ ముందు నుంచి కాకుండా వెనక సందులోంచి తిరగండి, రిసెప్షన్ అమ్మాయి కంటపడకుండా. తాత్కాలికంగా పెట్టిన సిమెంటు గట్టిదో కాదో పల్లీ పట్టీ కొరికి చూడండి.

7. క్యాప్ వద్దనండి. రూట్ కెనాల్ అయిన దవడ పన్ను క్యాప్ లేకపోతే నమిలే ఒత్తిడికి పగిలే ప్రమాదముంది. పగలనివ్వండి.

8. దవడ కింద గొంతు దాకా వాచి, నోరు తెరుచుకోక, మింగుడు పడక, ఊపిరి బరువైతే అప్పుడు మాత్రం నిమిషం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ కొట్టండి. పగటిపూట ఓపీ చిట్టీ లైన్లో నిలబడే బాధ తప్పింది. అంబులెన్స్ ఉచితం, ఆటో డబ్బులూ మిగిలాయి.

9. బతికి బయటపడ్డాక అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ ఆసుపత్రికి వెళ్లి పన్ను పీకించుకోండి. పీకేసిన పన్నుకు రూట్ కెనాల్ చేయించుకోమని ఇక ఏ డాక్టరూ అనడు. ఇంప్లాంట్ పెట్టించుకోమంటాడు. దానికి ఖర్చు ఇంకా ఎక్కువ, కాబట్టి ఈసారి అమ్మను అడిగేటప్పుడు మొత్తం పెంచి చెప్పండి.