యార్డు పిల్లికి జబ్బా, ఘాటా?

ఫిబ్రవరి నుంచి మే దాకా గుంటూరు మిర్చి యార్డులో తుమ్మని ప్రాణి ఉండదు. హమాలీ తుమ్ముతాడు, కమీషన్ ఏజెంటు తుమ్ముతాడు, మంచి ధర పలికిన రైతు తుమ్ముతూనే నోట్లు లెక్కపెట్టుకుంటాడు. అందుచేత టిక్కీల (మిర్చి బస్తాల) గుట్ట పక్కన ఓ దిక్కులేని పిల్లి కళ్ల నీళ్లు పెట్టుకుని తుమ్ముతుంటే, దానికి జబ్బు చేసిందా, తేజ రకం మిరపకాయల ఘాటెక్కిందా అన్నది ముందు తేల్చుకోవాలి.

యార్డుకు సెలవున్న రోజు ఇందుకు అనుకూలం. మనుషుల తుమ్ములు తగ్గి పిల్లి తుమ్ములు తగ్గకపోతే అనుమానించాలి. ఘాటుకు కారేది పల్చటి నీరు. చిక్కగా, పసుపుపచ్చగా కారితే జబ్బే. ముక్కు మూసుకుపోయిన పిల్లికి వాసన తెలియదు, వాసన తెలియనిదాన్ని అది తినదు. చేపముక్క పెట్టినా మొహం తిప్పుకుందంటే ఆలస్యం పనికిరాదు. నిద్రలో ఉన్న పిల్లి నిమిషానికి 30 సార్లలోపే ఊపిరి తీయాలి. లెక్కపెట్టడానికి దగ్గరికి వెళితే అది లేస్తుంది కాబట్టి దూరం నుంచే చూడాలి.

పత్తి చేల వైపు సంగతి వేరు. పురుగుమందు బొచ్చుకు అంటితే పిల్లి శుభ్రత పేరుతో దాన్నంతా నాకేస్తుంది. చొంగ కార్చి, వణికి, కంటిపాప సూదిమొనంత అయిందంటే అది విషమే. ఇలాంటి కేసుల్లో చాలావాటికి అట్రోపిన్ విరుగుడుగా పనిచేస్తుంది. ఆ పురుగుమందు డబ్బా కూడా వెంట తీసుకెళితే డాక్టరుకు ఊహించే శ్రమ తప్పుతుంది.

ఈలోగా సలహాదారులు చేరతారు. ఒకాయన పాలు పొయ్యమంటాడు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. ఉన్న జబ్బుకు విరేచనాలు తోడవుతాయి. రెండో ఆయన జేబులోంచి పారాసెటమాల్ తీస్తాడు. దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలదు, నెత్తురు ఆక్సిజన్‌ను మోయలేని స్థితికి వస్తుంది. ఒక్క మాత్రతో ప్రాణం పోవచ్చు. మూడో ఆయన పిల్లి ఎదురొచ్చిందని పని మానుకుని ఇంటికి పోతాడు. ముగ్గురిలో పిల్లికి మేలు చేసినవాడు ఈయనే.

పట్టుకోవడానికి అందరూ అందించేది ఖాళీ మిర్చి సంచి. దాని అడుగున మిగిలిన పొడితో ఆరోగ్యంగా ఉన్న పిల్లి కూడా రోగి అవుతుంది. పాత దుప్పటి కప్పి, చిల్లులు పెట్టిన అట్టపెట్టెలోకి దించడం మేలు. కరిచినా గీరినా 15 నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి, రేబిస్ టీకాకు ఆసుపత్రికి వెళ్లాలి. అప్పుడు పిల్లికన్నా ముందు మనిషే రోగి.

ఇక వైద్యం. ఇది ఒంగోలు గిత్తల సీమ. ఆ జాతి మీద పరిశోధనకు గుంటూరు దగ్గరి లాంలో ప్రత్యేక కేంద్రమే ఉంది. పశువుల ఆసుపత్రిలో చూలు గేదెల వరుసలో అట్టపెట్టె పట్టుకుని నిలబడితే నాలుగు కళ్లు అటే తిరుగుతాయి, సిగ్గుపడనక్కర్లేదు. 2022లో మొదలైన సంచార పశువైద్య వాహనాలకు 1962 నంబరు ఉంది. అవి ముఖ్యంగా రైతుల పశువులకోసమే కాబట్టి, రోగి పిల్లి అన్న మాట మొదటే చెప్పేయాలి.

చివరి చిక్కు మందులది. పూటకో మాత్ర చొప్పున వారం రోజులు వెయ్యమంటే వీధి పిల్లి రెండో రోజుకే కనిపించదు. ఒకసారి వేస్తే రోజుల తరబడి పనిచేసే ఇంజెక్షన్ కుదురుతుందేమో అక్కడే అడగాలి, పెట్టె మూత తియ్యకముందే.