ఆనవాయితీ

పెద్దమావయ్య షష్టిపూర్తి. హోమానికి ఇంకా వేళ కాలేదు. పట్టుపంచెతో, మెడలో దండతో పీట పక్కన కూర్చున్న ఆయనకి వినేవాళ్లు దొరికారు.

"రాముణ్ణి పంపమని విశ్వామిత్రుడు వచ్చేనాటికి దశరథుడి వయసు 60,000 ఏళ్లు. రాముడు ఏలింది 11,000 ఏళ్లు. మరి మనం? యూరియా తిండి తిని, మాత్రలు మింగి, డెబ్బైకే మూటాముల్లె సర్దేస్తున్నాం!"

"మా బైబిల్లో మెతూషెల 969 ఏళ్లు బతికాడండీ" అన్నారు పక్కింటి మాస్టారు.

"చూశారా! అన్ని గ్రంథాలదీ అదే మాట."

డాక్టరు చదివిన మా చెల్లెలు ఊరుకోలేదు. "సుమేరు రాజుల జాబితాలో అలులిమ్ అనే రాజు 28,800 ఏళ్లు ఏలినట్టుంది మావయ్యా. కానీ మామూలు మనిషికి వేదం దీవించింది నూరేళ్లే. మన దేశంలో 1911-21 మధ్య సగటు ఆయుర్దాయం ఎంతో తెలుసా? ఇరవై ఏళ్ల చుట్టుపక్కల. ఇప్పుడు డెబ్బై."

"అందరూ ఇరవైకే పోతే నువ్వూ నేనూ ఎక్కణ్ణుంచి ఊడిపడ్డామే?"

"అందరూ కాదు, సగటు. అప్పట్లో పుట్టిన ప్రతి నలుగురైదుగురిలో ఒకరు ఏడాది నిండకుండానే పోయేవారు. పైగా ప్లేగు, కలరా, 1918లో ఇన్‌ఫ్లుయెంజా. పసివాళ్ల చావులు తగ్గేసరికి సగటు లేచింది."

"నీ లెక్కలు ఆస్పత్రిలో చెప్పుకో. మన వంశంలో మగాళ్లు రాళ్లు తిని అరిగించుకున్నవాళ్లు. ఆ ఒళ్లే వేరు. ఈ సూదులూ టీకాలూ వచ్చాకే మనిషి గుల్లయిపోయాడు."

ఇంతలో పురోహితుడు గారు కలశాలు సర్దుతూ తలెత్తారు. "బాబుగారూ, ఈ తంతు ఒక్కో ఇంట ఒక్కో రకంగా చేస్తారు. మీ ఇంటి ఆనవాయితీ ఏమిటో చెబితే అలాగే కానిచ్చేద్దాం."

మావయ్య వసారాలోకి కేకేశాడు. "అమ్మా! నాన్నగారికి ఎలాగూ ఆ యోగం లేకపోయింది. తాతగారి షష్టిపూర్తి ఏ పద్ధతిలో చేశారో చెప్పు."

అమ్మమ్మ తమలపాకులు తుడుస్తూనే అంది. "తాతకి షష్టిపూర్తేమిట్రా? ఆయన మశూచికి పోయేనాటికి మీ నాన్నకి మీసాలైనా రాలేదు. మీ ముత్తాతని ముప్ఫైల్లోనే కలరా ఎత్తుకుపోయిందని మా అత్తగారు చెప్పేది. ఆ పైవాళ్ల సంగతీ అంతేనట."

మావయ్య మెడలో దండ సర్దుకున్నాడు.

"ఈ వంశంలో అరవై చూసిన మొదటి మగాడివి నువ్వేరా నాయనా. ఆనవాయితీ ఎక్కణ్ణుంచి తేను? నీకెలా తోస్తే అలా నువ్వే పెట్టుకో!"